గాలి మింగుతున్న పంపు

మా ఆయన విశ్వజిత్ మీద నాకున్న ఫిర్యాదులన్నీ ఇప్పుడు విప్పను, ఒక్కటి చాలు. మనిషి కనబడితే పంపు చూపెడతడు. ఈత రాదు. మోకాళ్ల లోతు దాటి నీళ్లల్లకు దిగంగ పెండ్లయినప్పటి సంది నేను చూసింది లేదు. అయినా కోరుట్ల శివారుల పసుపు ఆరబోసుకునే కల్లం తవ్విచ్చి స్విమ్మింగ్ పూల్ కట్టిచ్చిండు. కట్టిచ్చి ఊకున్నడా? మీటరు రీడింగుకు వచ్చినోన్ని కూడ వదలడు. "రాండ్రి, పంపు రూం చూద్దురు" అని తీస్కపోయి, పెండ్లిచూపుల్ల పిల్లను పిలిచినట్టు, పంపు మీది గోనెపట్టా మెల్లగ తీస్తడు. "నీళ్లకు ఇదే గుండెకాయ" అంటడు. ఆ గుండెకాయల చెత్త పట్టే జాలి బుట్ట ఎటు తిప్పితే వస్తదని వాళ్లడిగితే మాత్రం నా దిక్కు చూస్తడు.

పోయిన వారం కథ ఆ పంపు కాడికే వచ్చి ఆగింది. కొత్తగా చేరినోళ్ల కోసం వెనుకటిది కొంచెం చెప్పుకోవాలె.

సిరిసిల్లల మగ్గాల మోటర్లకు వైండింగ్ చేసే ఖాజా భాయ్, ముస్తాబాద్ దిక్కు మా పొలాలున్నప్పటి సంది మా మామయ్య బాపు రావు గారి మోటర్లన్నీ చూసేటోడు. ఈ పూల్ పంపు బిగిచ్చింది కూడ ఆయనే. నిరుడు ఎండాకాలం ఇక్కడ ఎవరిదో మంగళస్నానాల ఫంక్షన్ అయితే, బంతిపూల రెక్కలు పోయి పంపుల ఇరుక్కున్నయి. మూత తీసి లోపలికి వేళ్లు పెట్టి ఆ పూలు గుంజుతుండంగ మోటరు తిరిగింది. ఖాజా భాయ్ కుడిచేతికి ఇప్పుడు బొటనవేలు, చిటికెనవేలు తప్ప మిగిలినవి లేవు.

ఆ గడియల పంపు రూంల ఉన్నది మామయ్య, ఖాజా భాయ్ ఇద్దరే. "మోటరు నడుస్తుంటెనే చెయ్యి పెట్టిండు. తొందర మనిషి" అని మామయ్య చెప్పిండ్రు. ఖాజా భాయ్ చెప్పింది వేరే. గాలిదుమారానికి కరెంటు పోయిందట. అయినా మోటరు ఆపే ఎర్ర బటన్ నొక్కిండట. పచ్చ బటన్‌ను ఎవరూ ముట్టలేదట. టక్కుమని చప్పుడైంది, మోటరు లేచిందట. కరెంటు పోయి వచ్చినంత మాత్రాన ఉత్త స్టార్టర్ తనంతట తాను లేవదని పొలమున్నోళ్లకు ఎరుకే, మగ్గమున్నోళ్లకు ఎరుకే. కనుక ఆయన మాట ఎవరూ నమ్మలేదు. మెల్లమెల్లగ ఆయన కూడ నమ్ముడు మానేసిండు. అప్పటి సంది ఏ మోటరునూ ముట్టలేదు.

ఈ ఎండాకాలం మా పంపు మొరాయించింది. పిల్లల ఈత క్లాసులు దగ్గరపడ్డయి. జగిత్యాల నుంచి వచ్చిన మెకానిక్కులు చూసి, అంతా మార్చాలని చెప్పి పోయిండ్రు. మామయ్యకు చెప్పకుండ నేను సిరిసిల్లకు ఫోన్ చేసిన. పోయిన వారం ఆఖరున గేటు ముంగట ఆటో ఆగింది. ఖాజా భాయ్, ఆయన భార్య ఫాతిమా దిగిండ్రు. వాళ్లను చూసి మామయ్య కుర్చీల నుంచి లేచి లోపలికి పోయిండ్రు.

*

ఆ లోపలికి పోవుడు అందరం చూసినం. చూడనట్టు నిలబడ్డం.

పనిముట్ల సంచి ఫాతిమా చేతుల ఉన్నది. ఖాజా భాయ్ కుడిచెయ్యి ప్యాంటు జేబుల ఉన్నది. ఎడమచేత్తోటి సలాం పెట్టిండు. మా ఆయన అలవాటు కొద్ది "రాండ్రి ఖాజా భాయ్, పంపు రూం..." అని చెయ్యి చాపి, ఎవరికి చూపెడుతున్నడో మధ్యల తట్టి, చాపిన చేత్తోటి మెడ గోక్కున్నడు. ఆయన మాట మధ్యల ఆపుడు నేను చూసింది అదే మొదలు.

ఫాతిమా బుర్ఖా తీసి మడతపెట్టి గూట్ల పెట్టి, చున్నీ నడుముకు చుట్టుకొని పంపు రూంలకు పోయింది. ఖాజా భాయ్ గడప కాడనే ఆగిండు. చెప్పులు గడప బయటనే ఉన్నయి, మనిషీ బయటనే ఉన్నడు.

"లోపలికి రారాదు భాయ్" అన్న.

"ఈడ మంచిగున్నది చెల్లె. గాలి వస్తుంది" అన్నడు. ఆ ఎండల గాలి ఆకు కూడ కదిలిస్తలేదు.

అక్కడి నుంచే అడుగుడు మొదలుపెట్టిండు. "నీళ్లెట్ల ఉన్నయి?"

"పచ్చగైనయి. తోటకూర ఉడికిచ్చిన నీళ్ల తీరు."

"నీళ్లు తిరిగొచ్చే కన్నాల కాడ బుడగలొస్తున్నయా?"

"పులుసు మరిగినట్టు వస్తున్నయి."

"జాలి బుట్ట నిండుతుందా?"

"సగం దాక నిండుతది, మల్ల దిగిపోతది. ఇసుక డ్రమ్ము మీది మీటరు ముల్లు కూడ లేస్తది, పడతది, ఒక్క తాన నిలువది."

ఖాజా భాయ్ తలూపిండు. "అయితే నీళ్లతోటి గాలి మింగుతున్నది."

ఇది నాకు అర్థమైంది, ఎందుకంటే ఈ ఏడాదిగ ఆ పంపుకు బాలింతకు చేసినట్టు సేవ చేస్తున్నది నేనే. పంపు నీళ్లను పుట్టియ్యది. ఉన్న నీళ్లనే పూల్ ల నుంచి గుంజి, జాలి బుట్టల ఆకులు ఆపి, ఇసుక డ్రమ్ముల మురికి వడబోసి, మల్ల పూల్ లనే పోస్తది. మొదట్ల మామయ్యకు ఇది అసలు మింగుడు పడలేదు. "అండ్లకెళ్లి తీసి అండ్లనే పోస్తే ఫాయిదా ఏంది? మడి పారేదా, చెట్టు పెరిగేదా?" అని కట్ట మీద నిలబడి చాలాసేపు చూసిండ్రు. మోటరు కడుపుల రెక్కల చక్రం ఒకటి ఉంటది. అది కవ్వం తిరిగినట్టు తిరిగి నీళ్లను బయటి దిక్కు తన్నుతది. తన్నిన జాగ ఖాళీ అయితది గనుక ఎనుక నీళ్లు గుంజుకొస్తయి. ఆ గుంజే దారిల ఎక్కడన్న సందు దొరికితే నీళ్లకన్న గాలి ముందుగ ఉరికొస్తది. గాలిని తన్నుడు ఆ చక్రానికి చాతకాదు. ఊకెనే గిరగిర తిరిగి, నీళ్లు లేక వేడెక్కి, సీలు కాల్చుకుంటది.

ఫాతిమా మాట్లాడకుండ ముందు మెయిన్ కిందికి గుంజింది. ఫ్యూజులు పీకి చున్నీ కొంగుల వేసి ముడేసింది. ముడి మీద ఇంకో ముడి. "గివి నా కొంగుల లేంది నేను మోటరు కాడ కూసోను" అన్నది. ఎవరి దిక్కూ చూడకుండ అన్నది. ఖాజా భాయ్ నేల చూసిండు.

"మూత రబ్బరు రింగు చూడు ముందు" అన్నడు గడప కాడి నుంచి. మూత తిప్పి తీసింది. రింగు మీద ఇసుక ఉన్నది, తుడిచింది. ఎక్కడన్న పగిలిందేమోనని లాగి చూసింది, గ్రీజు రాసి పెట్టింది. బుట్ట నిండ నీళ్లు పోసి మూత బిగిచ్చి, కొంగు ముడి విప్పి, ఫ్యూజులు పెట్టి పచ్చ బటన్ నొక్కింది. మోటరు లేచింది. నేను పూల్ కాడికి ఉరికి చూసిన. బుడగలు.

"రింగు కాదు" అన్న.

"కాదా?" అన్నడు ఖాజా భాయ్. ఆయన ముఖం చిన్నబోయింది. రింగు కాకపోతే ఇంకోటైతది, దానికి అంత చిన్నబోయేది ఏమున్నది? కాని ఆయన నా దిక్కు కాదు, ఫాతిమా దిక్కు చూసిండు. "చూసినవా, నా లెక్కలన్ని గట్లనే ఉన్నయి" అన్నట్టు చూసిండు.

"నీళ్లు తక్కువైనయేమో, ఒడ్డు పక్క నీళ్లు గుంజే నోరు గాలి తీస్కుంటుందేమో" అన్న నేను. పోయి చూసిన. నీళ్లు ఆ నోటికి సగం పైననే ఉన్నయి. నాది కూడ తప్పే. నా ముఖం ఏం చిన్నబోలేదు, నాకు అలవాటే.

"షేవింగ్ నురుగు ఉన్నదా?" అని అడిగింది ఫాతిమా.

మా ఆయన నురుగు డబ్బా అంటే మా ఇంట్ల దేవుని గూట్ల వస్తువు కింద లెక్క. దుబాయి నుంచి దోస్తు తెచ్చింది. శుభకార్యాలకే వాడతడు. నేను పోయి తెచ్చి ఇస్తుంటే "అది ఎందుకు, సబ్బు నురుగు లేదా" అని గొణిగిండు. ఫాతిమా దాన్ని ఊపి, మోటరు నడుస్తుండంగనే పైపు అతుకు అతుకు మీద ధారాళంగ పెట్టుకుంటపోయింది. పండుగనాడు జంతికలు ఒత్తినట్టున్నది. ఒక అతుకు మీద నురుగు అట్లనే నిలబడ్డది. రెండో దాని మీద నిలబడ్డది. వాల్వు ఎనుక, గోడ దిక్కున్న అతుకు మీద పెట్టిన నురుగు నడుమ గుంట పడ్డది. గుంట లోతైంది. చూస్తుండంగనే నురుగంతా లోపలికి పోయింది.

"దొరికింది" అన్నది ఫాతిమా.

మోటరు బంద్ చేసి, మల్ల ఫ్యూజులు కొంగుల కట్టుకొని, అక్కడ చెయ్యి పెట్టి తడిమింది. తెల్లరంగు కింద ఏదో మెత్తగ తగిలింది. గోరుతోటి గీకితే నల్లగ సైకిల్ ట్యూబ్ ముక్క బయటపడ్డది. అతుకు చుట్టూ బిగిచ్చి కట్టి, పైన రంగు కొట్టినట్టున్నది.

ఖాజా భాయ్ గడప మీద నుంచి మెడ చాపి చూసిండు. మూతి మీద నవ్వు వచ్చీ రానట్టు వచ్చింది. "ఆ ముడి రావు సాబ్‌ది. నాకెరుకే. ముస్తాబాద్ కాడ ప్రతి పైపుకు గదే ముడి."

"అట్ల కడితే ఆగదా?" అని అడిగిండు మా ఆయన.

"పొలంల ఆగుతది బాబూ. అక్కడ నీళ్లు లోపల నుంచి బయటికి తన్నుతయి, కారేది కండ్లకు కనబడతది, బిగిచ్చి కడతం. గిది గుంజే పైపు. మోటరు నడిచేటప్పుడు ఒక్క చుక్క బయటికి రాదు. పైన చూస్తే పొడిగ, మంచిగ ఉంటది. లోపల మాత్రం గాలి మింగుతనే ఉంటది."

ఫాతిమా ఆ ముక్క కోసి తీసి కొత్త జాయింటు వెయ్యాలె. పైపు ఒకరు కదలకుండ పట్టుకోవాలె. "జర పట్టుకుంటరా?" అన్నది మొగుని దిక్కు చూసి. ఖాజా భాయ్ జేబుల చెయ్యి జేబులనే ఉన్నది. ఎడమచెయ్యి తలుపు రెక్క పట్టుకున్నది. ఫాతిమా కొంచెంసేపు చూసి, ఇగ అడుగలేదు. నేను పోయి పట్టుకున్న. మా ఆయనను పూల్ ల ఆకులు ఏరుమని పంపిన. ఆయనకు కూడ అక్కడి నుంచి పోవుడే కావాలె.

రంపం పైపు మీద ఆడుతుంటే, ఆ చప్పుడు చాటున ఫాతిమా మాట్లాడింది. ఖాజా భాయ్ వేపచెట్టు నీడకు పోయిండు.

"ఇప్పుడు దుకాణంల వైండింగ్ నేనే చేస్తున్న భవ్యమ్మా. ఆయన కుర్చీల కూసోని చెప్తడు, నేను చుడత. వేళ్లే వైరును చూసుకుంటయి, కండ్లు అక్కరలేదు అంటడు. నా వేళ్లకు ఇంక కండ్లు రాలె."

"వస్తయి" అన్న. ఏదో అనాలె గనుక.

"అది కాదు నా బాధ. చెయ్యి పోయింది, సరే, అల్లా రాసిండు. మనిషి పోయిండు. తాళం వేసిన్నా అని గల్లీ చివరి దాక పోయి మల్ల వస్తడు. గ్యాస్ బంద్ చేసిన్నా అని అడుగుతడు. చేసినవంటే, నువ్వు చూసినవా అని అడుగుతడు. ఆనాడు బటన్ నొక్కిన అని నాకు బాగ యాదికున్నది ఫాతిమా, కని నొక్కలేదట కదా, మరి నాకు యాదికున్నవన్ని గిట్లనే ఉన్నయేమో అంటడు." రంపం ఆపింది. "నమాజ్ అయినంక దువాకు రెండు చేతులు లేపుతం కద. ఆ చెయ్యి లేపడు. అల్లాకు కూడ చూపెట్టడు."

నా చేతుల పైపు కదిలింది. "గట్టిగ పట్టుకోండ్రి" అన్నది.

కొత్త జాయింటు అతికిచ్చింది. గమ్ ఎండే దాక మోటరు వెయ్యొద్దు. ఆ ఖాళీల ఊకె కూసోక, మోటరు లేచేటప్పుడు గుర్రుమంటుంది, ఏదన్న తీగ వదులైందేమో చూస్తనని గోడ మీది స్టార్టర్ డబ్బ తలుపు తీసింది. దాని బటన్లు బయటికే ఉంటయి. ఇన్ని రోజులల్ల ఆ తలుపు తీసే అవసరం నాకు ఎన్నడూ రాలేదు.

స్క్రూడ్రైవర్ తోటి ఒక్కొక్కటి బిగిచ్చుకుంట వస్తున్న ఫాతిమా చెయ్యి ఆగింది.

"భవ్యమ్మా, గిటు చూడుండ్రి."

డబ్బ లోపలి రేకంతా దుమ్ము పట్టి బూడిదరంగైంది. స్టార్టర్ పక్కన మాత్రం చెయ్యంత జాగ, నలుపలకలుగ, కొత్త రేకు లెక్క మెరుస్తున్నది. దాని మూలమూలకు స్క్రూ కన్నాలు. కింద సన్నటి తీగలు రెండు, కొసలకు నల్లటేపు చుట్టి, స్టార్టర్ ఎనుకకు మడిచి దాచినట్టున్నయి. ఫాతిమా టేపు విప్పింది. ఆ తీగలు ఎక్కడికి పోతున్నయో వేలితోటి పట్టుకుంట పోయింది. పచ్చ బటన్ కాడికి పోయి ఆగింది.

"గీడ ఆటో ఉండె" అన్నది.

రోడ్డు మీది ఆటో కాదు. పొలం మోటర్లకు పెట్టే చిన్న డబ్బ. కరెంటు పోయి మల్ల వస్తే, కొంచెంసేపు ఆగి, టక్కుమని అదే పచ్చ బటన్ పని చేస్తది. రైతు బాయి కాడికి పోయే పని లేకుండ మోటరు తనంతట తాను లేస్తది.

నేను తిరిగి చూసేసరికి ఖాజా భాయ్ గడప మీద ఉన్నడు. ఆయనకు ఆ మాట ఎట్ల వినబడ్డదో. గడప దాటిండు. ఆ రూంలకు మల్ల అడుగు పెట్టుడు అదే మొదలు. జేబుల నుంచి కుడిచెయ్యి తీసిండు. మిగిలిన చిటికెనవేలితోటి ఆ కన్నాలను ఒకదాని ఎనుక ఒకటి తాకిండు.

"టక్" అన్నడు మెల్లగ. తనకు తానే చెప్పుకున్నట్టు. "ఫాతిమా, నాకు వినబడ్డదంటి కద."

"వినబడ్డది" అన్నది ఆమె. "మీకు వినబడ్డది."

తర్వాత ఆ మనిషి అన్న మాట నాకు ఇప్పటికీ అర్థం కాదు. "కని ఆనాడు ఉండెనో, తర్వాత పెట్టి తీసిండ్రో. మనం అనొద్దు" అన్నడు. తనకు అన్యాయం జరిగిన జాగల నిలబడి, ఇంకొకరికి అన్యాయం అయితదేమోనని భయపడుతున్నడు.

అత్తమ్మ వరండల చాయ పెట్టి పిలిచింది. మా అత్తమ్మ రంగనాయకమ్మ గారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అవసరమైనప్పుడు కూడ మాట్లాడదు. మామయ్య లోపలి నుంచి రాక తప్పలేదు, ఇంటికొచ్చినోళ్లు చాయ తాగుతుంటే ఎదురుంగ కూసోకపోవుడు ఆయన పద్ధతి కాదు. వచ్చి కుర్చీల కూసొని, గేటు దిక్కు చూసుకుంట గ్లాసు అందుకున్నరు.

ఫాతిమా చాయ ముట్టలేదు.

"రావు సాబ్, ఆ స్టార్టర్ డబ్బల ఆటో ఉండెనా?"

"ఏ ఆటో?" అన్నరు మామయ్య. "ఈత కుంటకు ఆటో ఎందుకు?"

"కన్నాలున్నయి. తీగలున్నయి."

"ఎవడన్న ఎలక్ట్రీషియన్ పెట్టిండేమో. నాకేమెరుక."

మా ఆయన ఆకుల బుట్ట చేతుల పట్టుకొని అక్కడనే నిలబడ్డడు. "నాయినా, ఆనాడు నేనడిగితే ఆటో గీటో ఏం లేదంటిరి కద."

"ఇప్పుడు కూడ గదే అంటున్న."

ఫాతిమా గొంతు లేవలేదు. "నేను లొల్లికి రాలె. పైపు అతికిచ్చిన, అది ఎండినంక మోటరు ఏసి చూసి పోతం. నాకు ఒక్క మాట కావాలె. ఉండెనా, లేదా. లేదంటే లేదు. మల్ల అడుగ."

"ఊకో ఫాతిమా" అన్నడు ఖాజా భాయ్. "పెద్దమనిషి. యాది లేకపోవచ్చు. నాకే యాది ఉంటలేదు, ఆయనకేం యాదికుంటది." మామయ్య దిక్కు తిరిగి, "యాదికి లేకుంటే పోనియ్యుండ్రి రావు సాబ్" అన్నడు.

తలుపు తీసి దారి ఇచ్చినట్టు ఇచ్చిండు. మామయ్య ఆ దారి పట్టుకొని పోదురేమో. నోరు తెరిచిండ్రు కూడ. ఇంతల అత్తమ్మ చాయ పళ్లెం బల్ల మీద పెట్టింది.

"మన ఇంట్ల ఆటో లేని మోటరు ఏదున్నది?" అన్నది.

అందరం ఆమె దిక్కు చూసినం. ఆమె మాత్రం పళ్లెంల ఒలికిన చాయను కొంగుతోటి తుడుస్తున్నది.

"మా మరిది పోయినప్పటి సంది ఏ మోటరన్న ఆటో లేకుండ పెట్టిచ్చిండ్రా మీరు?" నెమ్మదిగ, బియ్యంల రాళ్లు ఏరినట్టు ఒక్కొక్క మాట తీసి పెట్టింది. "అప్పట్ల రాత్రిపూటనే కరెంటు ఇచ్చేటోళ్లు. మా మరిది మోటరు వేసొస్తనని పోయిండు. స్టార్టర్ పెట్టె కింద పాము ఉండె. తెల్లారి పోయి చూస్తే ఆయన పక్కన బ్యాటరీ లైటు ఇంక వెలుగుతనే ఉన్నది. ఆనాడు ఈయన ఒట్టు పెట్టుకున్నడు, మోటరు కోసం ఈ ఇంటి మనిషి ఇంకొకడు చీకట్ల నడువొద్దని. ఆటో దొరుకుడు మొదలైనంక అన్నిటికి పెట్టిచ్చిండు. ఈ పంపుకు కూడ, ఖాజా బిగిచ్చిపోయిన తెల్లారే పెట్టిండు. లైటు పట్టుకొని నిలబడ్డది నేనే."

"అత్తమ్మా" అన్న. "మరి ఇన్ని రోజుల సంది..."

"నన్ను ఎవరన్న అడిగిండ్రా?" అన్నది. తర్వాత, తనకే ఆ జవాబు సరిపోనట్టు, "ఆయన చెప్తడని చూసిన. రోజూ చూసిన" అన్నది. మా అత్తమ్మ ఏడ్వంగ నేను చూసింది లేదు. అప్పుడు కూడ ఏడ్వలేదు. తుడిచిన జాగనే మల్ల మల్ల తుడిచింది.

మామయ్య గ్లాసు కింద పెట్టిండ్రు. అది పక్కకు ఒరిగింది, చాయ గచ్చు మీద పారింది. లేచి నిలబడ్డరు. మా ఆయన పట్టుకోబోతే చేత్తోటి వద్దన్నరు. ఖాజా భాయ్ ముంగటికి పోయి నిలబడ్డరు. ఖాజా భాయ్ కూడ లేచిండు, పెద్దమనిషి నిలబడితే తను కూసోడు. కుడిచెయ్యి మల్ల జేబులకు పోబోతుంటే మామయ్య దాని దిక్కే చూస్తున్నరు. ఆ చెయ్యి అట్లనే ఆగింది.

"ఆటో ఉండె ఖాజా" అన్నరు.

మా ఆయన చేతుల ఉన్న ఆకుల బుట్ట కింద పెట్టిండు.

"నేనే పెట్టిన. నీకు చెప్పలె. చెప్పాలెనని నాకు తట్టలె కూడ. బాయి కాడ పెట్టినట్టే పెట్టిన. ఈడ మనిషి లోపల చెయ్యి పెడతడని నా మతికి రాలె." ఊపిరి తీసుకున్నరు. "గది ఒకటైతే నీ కాళ్లు పట్టుకోని మాఫీ అడుగుదు. కని నువ్వు కింద పడ్డంక ఈళ్లందరు కారు తాళం కోసం ఉరికిండ్రు. నేను స్క్రూడ్రైవర్ కోసం ఉరికిన. నీ నెత్తురు నేల మీద పారుతుంటే, నేను ఆ డబ్బ ఇప్పి లాల్చి జేబుల ఏసుకున్న. తీగలకు టేపు చుట్టిన. నిన్ను కారుల ఎక్కియ్యకముందే చుట్టిన. జగిత్యాల దవాఖాన దాక నీ చెయ్యి తువ్వాలల చుట్టి పట్టుకున్నది నేనే. డబ్బ నా జేబులనే ఉండె. దవాఖానల, మోటరు నడుస్తుంటెనే చెయ్యి పెట్టిండని చెప్పింది నేనే."

ఫాతిమా చున్నీ కొంగు మీది ముడిని రెండు చేతులతోటి పట్టుకున్నది.

"నువ్వు ఎర్ర బటన్ నొక్కినవ్. నీ పక్కపొంటనే ఉన్న, నా కండ్లతోటి చూసిన. నువ్వేం మర్వలె బిడ్డా. నీకు యాదికున్నదే నిజం." మామయ్య మా దిక్కు తిరిగిండ్రు. ఈసారి ఇంటోళ్లందరికి వినబడేటట్టు అన్నరు.

"తప్పు నాది."